ఇంట్లో డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ హబ్ కావాలి, ఏది తీసుకోమంటారు?

గోదారి_గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. ఇంట్లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. సీపీయూ వెనకాల నీలం పోర్టులు రెండు, నల్లవి నాలుగు. ముందు వైపు రెండున్నాయి గానీ ఒకటి లూజు, పెన్‌డ్రైవ్ పెడితే తల ఊపుతుంది. నేను పెట్టాల్సినవేమో కీబోర్డు, వైర్‌లెస్ మౌస్ డాంగిల్, ప్రింటర్, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, పెన్ ట్యాబ్లెట్, 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్, నా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటిది). మా ఆవిడ సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. కాబట్టి వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, ట్యాబ్లెట్ మూడూ ఒకేసారి నడవాలి. క్లాసు రికార్డింగ్ వెళ్లేది హార్డ్ డిస్క్‌లోకి.

ఊళ్లో మూడొందలు పెట్టి నాలుగు పోర్టుల హబ్ తెచ్చాను. హార్డ్ డిస్క్ ఒక్కటీ పెడితే పర్లేదు. వెబ్‌క్యామ్ కూడా పెట్టామా, డిస్క్ లోపల్నుంచి టిక్ టిక్ అని చప్పుడొచ్చి, కాసేపటికి కంప్యూటర్లో డ్రైవ్ మాయమైపోతోంది. మళ్లీ పీకి పెడితే వస్తోంది. మూడొందల హబ్‌కీ రెండు వేల హబ్‌కీ నిజంగా తేడా ఉంటుందా, పేరు కోసమేనా? నా బడ్జెట్ రెండు వేల లోపు. సీపీయూ టేబుల్ కింద ఉంటుంది, వంగి వెనక పోర్టులు వెతుక్కోవడం నా నడుముకి పడదు.

కిల్లీకొట్టు (విశాఖ)

హబ్‌కి విడిగా అడాప్టర్ ఉందా, లేక సీపీయూకి గుచ్చే వైరు ఒక్కటేనా? సమాధానం సగం అక్కడే ఉంది.

గోదారి_గట్టు

అడాప్టర్ లేదండి. జానెడు వైరు, చివర నాలుగు పోర్టులు, ఒక నీలం లైటు.

పాత_స్క్రూడ్రైవర్ (సికింద్రాబాద్)

ముందు ఆ డిస్క్‌ని హబ్‌లోంచి తీసి, సీపీయూ వెనక నీలం పోర్టుకి నేరుగా పెట్టండి. మిగతా మాటలు తర్వాత.

ఆ టిక్ టిక్ ఏమిటంటే, లోపల పళ్లెం తిరగడానికి మోటారుకి సరిపడా కరెంటు అందట్లేదు. వేగం పడిపోగానే హెడ్డు (పళ్లెం మీద చదివే, రాసే ముల్లు) వెనక్కి వెళ్లి పార్క్ అవుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ వెళ్తుంది. అదే మీకు వినిపిస్తున్నది. ఇలా రోజూ జరిగితే డిస్క్ ఆయుష్షు తగ్గుతుంది. రాస్తూ ఉండగా ఆగిపోతే ఫైల్ సిస్టమ్ కూడా పాడవుతుంది. సర్వీసులో ఉన్న రోజుల్లో "డిస్క్ పోయింది సార్" అని తెచ్చినవాళ్లలో ఎంతోమందికి డిస్క్ బాగానే ఉండేది, పోర్టు మారిస్తే చక్కగా తిరిగేది.

ఇక లెక్క. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. అంటే రెండున్నర వాట్లు. 3.0 పోర్టు (మామూలుగా నీలం రంగుది) అయితే 900, అంటే నాలుగున్నర వాట్లు. అడాప్టర్ లేని హబ్ ఈ ఒక్క పోర్టు కరెంటునే అందరికీ పంచాలి. నిబంధన ప్రకారం 2.0 హబ్ తనకోసం 100 వరకూ ఉంచుకుని, ఒక్కో పోర్టుకి 100 చొప్పున నాలుగింటికి ఇస్తుంది. అందుకే అడాప్టర్ లేని పాత హబ్‌లకి నాలుగు పోర్టులే ఉండేవి. 3.0లో ఆ 100 కాస్తా 150 అయింది, అంతే.

చవక హబ్‌లు ఈ నిబంధనేమీ పాటించవు. లోపల వైర్లన్నీ కలిపేసి ఉంటాయి, ఎవడు ఎంత లాగితే అంత. అందుకే డిస్క్ ఒక్కటే ఉన్నప్పుడు మీకు నడిచింది. వెబ్‌క్యామ్ కూడా లాగేసరికి 5 వోల్టులు కాస్తా కిందికి జారింది. పోర్టబుల్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ తాగుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మీ డిస్క్ అడుగున చిన్న అక్షరాల్లో "5 వోల్టులు, ఇన్ని ఆంపియర్లు" అని ఉంటుంది, చూసి ఇక్కడ పెట్టండి.

గోదారి_గట్టు

చూశాను మాస్టారూ. 5 వోల్టులు, 0.85 ఆంపియర్ అని ఉంది. వెంటనే వెనక నీలం పోర్టుకి మార్చాను, చప్పుడు లేదు. కానీ నా బాధ పోర్టులు చాలకపోవడం కదా, అది అలాగే ఉంది.

ఇంజిన్_ఆయిల్ (గుంటూరు)

అసలు డెస్క్‌టాప్‌కి హబ్ ఎందుకు బ్రో? మదర్‌బోర్డు మీద చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ (అదనపు కార్డులు గుచ్చే చోటు) ఖాళీగా ఉంటుంది, అందులో యూఎస్‌బీ 3.0 కార్డు వేయించు. నాలుగు పోర్టులొస్తాయి. కార్డుకి పవర్ నేరుగా ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపలి పవర్ సప్లై) నుంచి సాటా కనెక్టర్ (లోపలి డిస్క్‌లకి కరెంటిచ్చే పిన్ను) ద్వారా వెళ్తుంది, అడాప్టర్ గొడవే లేదు. హబ్‌లు లాప్‌టాప్ వాళ్లకి.

పాత_స్క్రూడ్రైవర్

మంచి మాట, నేనే చెప్పాల్సింది. సాటా పవర్ పెట్టుకునే చోటున్న కార్డే కొనాలి, లేకపోతే స్లాట్ ఇచ్చే కొద్ది కరెంటుతోనే సరిపెట్టుకోవాలి. పైగా చిన్న స్లాట్ దారి ఒక్కటే, నాలుగు పోర్టులూ కలిసి సుమారు సెకనుకి 400 మెగాబైట్లు పంచుకుంటాయి. ఇంటి పనికి అది చాలా ఎక్కువే.

గోదారి_గట్టు

స్లాట్ ఉంది గానీ ఆ పోర్టులు కూడా టేబుల్ కింద, వెనకాలే కదండీ. నాకు చేతికందేలా బల్ల మీద కావాలి. టోకెన్ పెట్టడం తీయడం వారంలో ఎన్నోసార్లు ఉంటుంది.

ఇంజిన్_ఆయిల్

ఓకే, నడుము కేసు. అయితే హబ్బే.

నిశ్శబ్దం_ప్లీజ్ (బెంగళూరు)

ఒక విషయం ఎవరూ చెప్పలేదు. యూఎస్‌బీ 3.0 హబ్ కొనేస్తే అన్నీ స్పీడుగా నడుస్తాయని చాలామంది అనుకుంటారు. 3.0 హబ్ డబ్బాలో నిజానికి రెండు హబ్‌లుంటాయి. ఒకటి 2.0ది, ఇంకోటి 5 జీబీపీఎస్‌ది (సెకనుకి 5 గిగాబిట్లు). పోర్టు చూడ్డానికి ఒక్కటే, లోపల దారులు వేరు. డివైస్ మేనేజర్ తెరిచి చూడండి, ఒక్క హబ్ పెట్టినా జెనరిక్ యూఎస్‌బీ హబ్ అని ఒకటి, సూపర్‌స్పీడ్ హబ్ అని మరొకటి కనిపిస్తాయి.

మీ కీబోర్డు, హెడ్‌సెట్, ట్యాబ్లెట్, టోకెన్, ఇళ్లలో ఉండే ప్రింటర్లు, ఎక్కువ వెబ్‌క్యామ్‌లు అన్నీ 2.0 సరుకు. ఎంత ఖరీదైన 3.0 హబ్‌లో పెట్టినా ఇవన్నీ కలిసి పంచుకునేది ఆ పాత 480 ఎంబీపీఎస్ (సెకనుకి 480 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) దారినే. 5 జీబీపీఎస్ దారిలో మీ దగ్గర నడిచేది హార్డ్ డిస్క్ ఒక్కటే.

గోదారి_గట్టు

అంటే 3.0 హబ్ కొన్నా మా ఆవిడ క్లాసుకి ఒరిగేదేం లేదంటారా?

నిశ్శబ్దం_ప్లీజ్

డేటా పరంగా పెద్దగా లేదు, కానీ భయపడాల్సిందీ లేదు. హెడ్‌సెట్, ట్యాబ్లెట్ వాడుకునేది చాలా కొంచెం. ఆ దారిలో అసలు బరువు వెబ్‌క్యామ్‌దే. 1080 పిక్సెళ్ల వీడియోని కుదించకుండా పంపాలంటే సెకనుకి 30 ఫ్రేములకి దాదాపు 124 మెగాబైట్లు కావాలి. 2.0 దారి మొత్తం కాగితం మీదే 60 మెగాబైట్లు. అందుకే వెబ్‌క్యామ్ తనలోనే వీడియోని కుదించి పంపుతుంది. ఒక్క క్యామ్‌కి ఇబ్బంది రాదు. తర్వాత ఎప్పుడైనా నోటుబుక్ చూపించడానికి రెండో కెమెరా కొంటే మాత్రం దాన్ని హబ్‌లో కాకుండా సీపీయూకే పెట్టండి. కెమెరాలు మొదలవ్వగానే దారిలో తమ వాటా ముందే రిజర్వ్ చేసుకుంటాయి. మిగిలింది చాలకపోతే రెండోది నల్లగా ఉండిపోతుంది, ఏ ఎర్రరూ సరిగ్గా చెప్పదు. నా పాడ్‌కాస్ట్ సెటప్‌లో సరిగ్గా ఇదే తలనొప్పి.

ఓరుగల్లు_చందు (హనుమకొండ)

అన్నా, నాకొక డౌట్. షాపుల 3.0 అంటరు, ఆన్‌లైన్ల 3.1 జెన్ 1 అంటరు, ఇంకోచోట 3.2 జెన్ 1 అని ఉంటది. ఏది కొత్తది?

పాత_స్క్రూడ్రైవర్

మూడూ ఒకటే నాయనా. 2008లో 3.0 అని వచ్చిన 5 జీబీపీఎస్‌నే తర్వాత పేర్లు మారుస్తూ పోయారు. జెన్ 2 అని ఉంటే 10 జీబీపీఎస్. పేరు వదిలెయ్, డబ్బా మీద 5 ఉందా 10 ఉందా చూడు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఇచ్చేదే సెకనుకి 100 నుంచి 130 మెగాబైట్లు. దానికి 5 చాలు. 10 కావాల్సింది వేగమైన ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకి.

పద్మ_లెక్కలు (విజయవాడ)

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అన్నారు కాబట్టి నేనొచ్చాను. మా ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల చివరి తేదీల్లో ఈ టోకెన్‌తో పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. సంతకం పెట్టే వేళకి టోకెన్ కనపడట్లేదని మెసేజ్ వస్తుంది, అందరూ పోర్టల్‌ని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు హబ్‌ది. ఒకే హబ్‌లో హార్డ్ డిస్క్ ఉండి, అది ఒక్కసారి కరెంటు గుంజిందంటే హబ్ మొత్తం క్షణకాలం రీసెట్ అవుతుంది. కీబోర్డు, మౌస్ మళ్లీ లేస్తాయి కాబట్టి మనకి తెలియదు. టోకెన్ మాత్రం పిన్ నంబర్ మళ్లీ అడుగుతుంది, లేదా బ్రౌజర్ మూసి తెరిచేదాకా అలుగుతుంది.

అన్నగారూ, మీరు ఒక్కో పోర్టుకి విడిగా స్విచ్ ఉన్న హబ్ తీసుకోండి. టోకెన్ ఒక పోర్టులో ఉంచి, పనున్నప్పుడే స్విచ్ నొక్కండి. రోజుకి నాలుగుసార్లు పీకి పెడితే టోకెన్ మెడ విరుగుతుంది. పని లేని వేళ ఆన్‌లో ఉంచకపోవడం భద్రతకీ మంచిదే.

కిల్లీకొట్టు

పద్మగారి మాటకి చిన్న తోక. ఆ స్విచ్‌తో హార్డ్ డిస్క్‌ని మాత్రం టకీమని ఆపకండి. ముందు ఎజెక్ట్ కొట్టాలి, డిస్క్ లైటు ఆరాక స్విచ్.

టెక్సాస్_బాబాయ్ (డల్లాస్)

సంక్రాంతికి ఊరొస్తున్నా, ఎవరికైనా కావాలంటే ఇక్కడినుంచి తెస్తా. మా ఇంట్లో పది పోర్టుల హబ్ ఏళ్ల తరబడి బండలా పనిచేస్తోంది.

పాత_స్క్రూడ్రైవర్

బాబాయ్, హబ్‌కి మన దేశం మీ దేశం లేదు గానీ అడాప్టర్‌కి ఉంది. దాని మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే మన 230కి ఢోకా లేదు, అక్కడి చదును పిన్నుకి కన్వర్టర్ ప్లగ్ ఒకటి చాలు. ఒట్టి 120 వోల్టులు అని ఉంటే ఇక్కడ పెట్టగానే పొగే. రిపేరొస్తే వారంటీ ఇక్కడ నడవకపోవచ్చు, అదీ చూసుకోవాలి.

అడాప్టర్ మాట వచ్చింది కాబట్టి గోదారి_గట్టు గారికి అసలు విషయం. పవర్డ్ హబ్ అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు, అడాప్టర్ ఎంత ఇస్తుందో చూడాలి. ఏడు పోర్టుల 3.0 హబ్ అన్ని పోర్టులకీ 900 చొప్పున ఇవ్వాలంటే 6.3 ఆంపియర్లు, అంటే 31 వాట్ల పైనే. డబ్బాలో పెట్టేదేమో చాలాసార్లు 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్. 10 వాట్లు. పెళ్లికి వందమందిని పిలిచి పాతిక విస్తళ్లు వేసినట్టు.

మీ ఇంటికి అంత అక్కర్లేదనుకోండి. డిస్క్‌కి 0.85, వెబ్‌క్యామ్‌కి గరిష్ఠంగా 0.5, ట్యాబ్లెట్‌కి 0.5 లోపు, హెడ్‌సెట్, టోకెన్ కలిపినా 0.3 దాటవు. అన్నీ ఒకేసారి గరిష్ఠంగా తాగినా 2 ఆంపియర్లు దాటి కొంచెం. ప్రింటర్‌కి సొంత పవర్ ఉంటుంది, లెక్కలోకి రాదు. కాబట్టి 5 వోల్టులు 3 ఆంపియర్లు, లేదా 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ ఉన్న హబ్ చూడండి. 12 వోల్టులవాటిలో హబ్ తనే లోపల 5కి దించుకుంటుంది. ఒక జాగ్రత్త: 5 వోల్టుల హబ్‌కీ 12 వోల్టుల రౌటర్‌కీ పిన్ను ఒకేలా ఉండొచ్చు. సొరుగులో కలిసిపోయి రౌటర్ అడాప్టర్ హబ్‌కి పెట్టారా, దానికి తగిలించినవన్నీ ఒకేసారి కాలతాయి. కొన్న రోజే అడాప్టర్ మీద మార్కర్‌తో "హబ్" అని రాసేయండి.

అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. మన దేశంలో అమ్మే అడాప్టర్లకి అది తప్పనిసరి. ఆ గుర్తు లేనిదాన్ని నేనైతే ముట్టుకోను.

ఇంజిన్_ఆయిల్

మాస్టారూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా మా కీబోర్డు లైటు వెలుగుతూనే ఉంటోంది. పవర్డ్ హబ్ పెట్టినప్పట్నుంచే. మంచిదేనా?

పాత_స్క్రూడ్రైవర్

కీబోర్డు హబ్‌కే పెట్టి ఉంటే మామూలే, అడాప్టర్ ఇస్తోంది. కీబోర్డు సీపీయూకి ఉంటే, ముందు సీపీయూ వెనక ఎస్ఎంపీఎస్ స్విచ్ కూడా ఆపేసి చూడు, ఎందుకంటే చాలా బోర్డులు షట్‌డౌన్ అయ్యాక కూడా పోర్టులకి 5 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. స్విచ్ ఆపాక కూడా వెలుగుతుంటే మాత్రం మీ హబ్ కరెంటుని వెనక్కి మదర్‌బోర్డులోకి తోస్తోంది. అది లోపం, అడ్డుకోవాల్సిన సర్క్యూట్ పెట్టకుండా పైసలు మిగుల్చుకున్నారు. బోర్డు పాడవ్వచ్చు. తిరిగి ఇచ్చేయ్.

ఇంజిన్_ఆయిల్

స్విచ్ ఆపి చూశా. వెలుగుతూనే ఉంది! వాపస్ పెడుతున్నా.

ఓరుగల్లు_చందు

అన్నలూ, నా లాప్‌టాప్‌కి టైప్-సీ హబ్ గురించి కూడా చెప్పరా? హెచ్‌డీఎంఐ ఉన్నది కావాలె, హాస్టల్ల మానిటర్ ఉన్నది.

మోడరేటర్

చందూ, వేరే థ్రెడ్ తెరువు నాన్నా. ఇది డెస్క్‌టాప్ ముచ్చట.

నిశ్శబ్దం_ప్లీజ్

రెండు ముక్కల్లో చెప్పేస్తా, మోడరేటర్ గారు మన్నించాలి. మొదట, నీ లాప్‌టాప్ టైప్-సీ పోర్టు వీడియో ఇస్తుందో లేదో కంపెనీ సైటులో చూడు. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు ఉంటే ఇస్తుంది. ఇవ్వకపోతే ఎంత మంచి హబ్ కొన్నా హెచ్‌డీఎంఐ వెలగదు. 4కే మానిటరైతే హబ్ 60 హెర్ట్జ్ అని ఉందా 30 అని ఉందా చూసుకో, 30లో మౌస్ పాకినట్టుంటుంది. చార్జర్‌ని హబ్ ద్వారా పెడితే కొన్ని వాట్లు హబ్ తనకి ఉంచుకుంటుంది, మిగిలిందే లాప్‌టాప్‌కి.

కిల్లీకొట్టు

గోదారి గారూ, మౌస్ వైర్‌లెస్ అన్నారు. ఆ డాంగిల్‌ని కొత్త హబ్‌లో హార్డ్ డిస్క్ పక్కన పెట్టొద్దు. ఫైలు కాపీ అవుతున్నంతసేపూ మౌస్ బాణం ఎగిరెగిరి పడుతుంది.

టెక్సాస్_బాబాయ్

ఇదేం విడ్డూరమయ్యా. ఫైలు కాపీకీ మౌస్‌కీ ఏం సంబంధం?

కిల్లీకొట్టు

ఉంది బాబాయ్. 3.0 కనెక్టర్, వైరు నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. మౌస్ డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పేపర్ వేశారు. 2.4 వైఫైకి కూడా దెబ్బే, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి ఏం కాదు. మందు చాలా చవక: అడుగు పొడవు 2.0 ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని, డాంగిల్‌ని దాని చివర పెట్టి మౌస్ దగ్గరికి లాగండి. లేదా సీపీయూ ముందువైపు లూజుగా లేని పోర్టులో పెట్టండి.

గోదారి_గట్టు

ఇన్ని విషయాలుంటాయని తెలీదు. నిన్న షాపుకెళ్లాను. అడాప్టర్‌తో ఏడు పోర్టులది చూపించాడు, పోర్టులన్నీ నీలం, డబ్బా మీద 3.0 అని పెద్దక్షరాలు. ఏడొందలే అన్నాడు. ఇంత తక్కువా అని అనుమానం వచ్చి కొనకుండా వచ్చేశా. ఫొటో తీశాను, సీపీయూకి గుచ్చే పిన్ను కూడా దగ్గరగా తీశా. చూసి చెప్పగలరా?

పాత_స్క్రూడ్రైవర్

మీ ఫొటో పెద్దది చేసి చూశాను. పిన్నులోపల ప్లాస్టిక్ నాలుక నీలంగానే ఉంది. కానీ దాని మీద పొడవాటి రాగి పట్టీలు నాలుగే ఉన్నాయి. అసలైన 3.0 పిన్నులో ఆ నాలుగింటితో పాటు, లోపలికి వెనకగా చిన్నవి ఇంకో ఐదు కనిపించాలి. మొత్తం తొమ్మిది. ఇందులో ఆ ఐదూ లేవు. 2.0 హబ్‌కి నీలం రంగు ప్లాస్టిక్ వేసి 3.0 అని అమ్ముతున్నారు. దాంట్లో మీ డిస్క్ సెకనుకి 35, 40 మెగాబైట్లు దాటదు. కొనకుండా రావడం మంచిదైంది.

షాపులో డెమో అడిగితే ఇంకో పరీక్ష ఉంది. హబ్ పెట్టి డివైస్ మేనేజర్‌లో హబ్ ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ నంబరు 2109 ఉంటే వీఐఏ ల్యాబ్స్ చిప్పు, 05ఈ3 అంటే జెనెసిస్ లాజిక్, 0బీడీఏ అంటే రియల్‌టెక్. హబ్ మీద ఏ బ్రాండు పేరున్నా ఎక్కువ వాటిలో ఇలాంటి చిప్పులే ఉంటాయి. నేను బ్రాండు కంటే చిప్పు, అడాప్టర్, వైరు మందం చూస్తాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

పద్మ_లెక్కలు

ఒకటే సలహా ఇంకా: టోకెన్‌కి, హార్డ్ డిస్క్‌కి ఒకే హబ్ వద్దు. వెనక నీలం పోర్టులు రెండున్నాయన్నారుగా. ఒకదానికి హబ్, రెండోదానికి డిస్క్. రికార్డింగ్ ఆగిపోతే క్లాసు మళ్లీ రాదు.

పాత_స్క్రూడ్రైవర్

అమ్మాయి చెప్పిందే నా మాట కూడా. హబ్ ఎంత మంచిదైనా, తీయని డిస్క్ సీపీయూకి నేరుగా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. హబ్ చిన్నచిన్న వాటికి.

గోదారి_గట్టు

హబ్ తెచ్చానండి. ఏడు పోర్టులు, 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్, పోర్టు పోర్టుకీ స్విచ్. పద్దెనిమిది వందలు పడింది. తొమ్మిది పట్టీలూ లెక్కపెట్టుకున్నా, అడాప్టర్ మీద ఆర్ నంబరుంది, చిప్పు 2109. డిస్క్ సీపీయూ వెనక నేరుగా పెట్టాను. వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, ట్యాబ్లెట్, టోకెన్ హబ్‌లో. ఊరికే చూద్దామని డిస్క్‌ని హబ్‌లో కూడా పెట్టి చూశా, రెండు చోట్లా సెకనుకి 110 మెగాబైట్లే. క్లాసులు శుభ్రంగా నడుస్తున్నాయి.

రెండు సమస్యలు మిగిలాయి. కంప్యూటర్ స్లీప్‌లోంచి లేచాక ఒక్కోసారి హబ్ లేవట్లేదు. రెండోది, నిన్న సాయంత్రం కరెంటు పోయింది. సీపీయూ, మానిటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉన్నాయి గానీ క్లాసులో ఆవిడ బొమ్మ, గొంతు రెండూ కట్. పిల్లలు చాట్‌లో "టీచర్ ఫ్రీజ్" అని ఒకటే గోల.

కిల్లీకొట్టు

హబ్ అడాప్టర్ గోడ సాకెట్‌కి పెట్టారు కదూ?

గోదారి_గట్టు

అవునండి, పక్కనే ఖాళీగా ఉందని.

కిల్లీకొట్టు

అదే. కరెంటు పోగానే అడాప్టర్ చచ్చింది, హబ్ సీపీయూ ఇచ్చే కరెంటు మీదికి మారింది. మారే క్షణంలో అన్నీ డిస్కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ అయ్యాయి. జూమ్ లాంటివాటికి కెమెరా ఒకసారి మాయమైతే మళ్లీ చేత్తో ఎంచుకోవాలి. అడాప్టర్‌ని యూపీఎస్ వెనక సాకెట్‌కి మార్చండి. కొన్ని యూపీఎస్‌లకి బ్యాటరీ లేని, ఒట్టి సర్జ్ ప్రొటెక్షన్ సాకెట్ కూడా ఒకటి ఉంటుంది. దానికి కాదు, బ్యాటరీ ఉన్నదానికి. మీ హబ్ తాగేది 24 వాట్లకి మించదు, యూపీఎస్‌కి లెక్కే కాదు.

పాత_స్క్రూడ్రైవర్

స్లీప్ సంగతికి రెండు చోట్ల మార్చాలి. డివైస్ మేనేజర్‌లో ఆ హబ్‌ల రెండింటికీ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి. తర్వాత పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిజేబుల్ చేయండి. డెస్క్‌టాప్‌లో దానివల్ల మిగిలే కరెంటు నామమాత్రం.

గోదారి_గట్టు

రెండూ చేశాను. స్లీప్‌లోంచి లేపి చూశా, వెంటనే లేచింది. కరెంటు కోసం మెయిన్ ఆపి పరీక్షించా, బొమ్మ కదలకుండా నిలిచింది. ఆవిడ మీ అందరికీ థాంక్స్ చెప్పమంది.

ఇంజిన్_ఆయిల్

మాకు యూపీఎస్ లేదు, ఇల్లంతా ఇన్వర్టర్. అడాప్టర్ గోడకే ఉంటుంది. నాకూ ఇలాగే కట్ అవుతుందా?

పాత_స్క్రూడ్రైవర్

ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్, నార్మల్ లేదా ఎకో అని ఒక స్విచ్ ఉందేమో చూడు. యూపీఎస్ మీద పెడితే మార్పిడి కొన్ని మిల్లీ సెకన్లలో అయిపోతుంది, ఆ కాస్తసేపు అడాప్టర్ లోపలి కెపాసిటర్ నెట్టుకొస్తుంది. నార్మల్ మీద ఆలస్యం ఎక్కువ, హబ్ కంటే ముందు నీ సీపీయూనే రీస్టార్ట్ అవుతుంది. ఆ స్విచ్ మార్చి, ఏ ఫైలూ తెరిచి లేనప్పుడు మెయిన్ ఒకసారి ఆపి చూడు.